వత్సవాయి షెడ్డులో చిప్పుల యుద్ధం

అమెరికా, చైనాల చిప్పుల యుద్ధం ఇంకో పదేళ్లు సాగాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను!

కంగారు పడకండి. నా మతి బాగానే ఉంది. ముప్పై నాలుగేళ్లు హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరైనవాణ్ణి. దేశాలు కొట్టుకుంటే ఎవరికి లాభమో, ఎవరికి నష్టమో పటం పరిచి మరీ చూపించగలను. మా జగ్గయ్యపేటకి లాభమే. అంతా లాభమే!

ఒకాయన చిప్పులు అమ్మనంటాడు. రెండో ఆయన వాటికి కావలసిన ఖనిజాలు అమ్మనంటాడు. ఇద్దరు మోతుబరుల గట్టు తగాదాలో చిక్కిన పిల్లకాలవలా మధ్యలో తైవాన్. దీనివల్ల మనకి ఒరిగిన మేలేమిటో తెలుసా? నిఖార్సయిన సాకు!

పూర్వం మన ఊళ్లో పని కాకపోతే 'రేపు రండి' అనేవారు. ఆ మాటలో విజ్ఞానం ఏముంది? ఇప్పుడు చూడండి. మా ఇంటి ఫ్యాన్ రిపేరుకిచ్చి మూడు వారాలైంది. అడిగితే "చిప్ షార్టేజ్ సార్" అన్నాడు షాపాయన. అది మా పెళ్లికి కొన్న ఫ్యాన్. అందులో చిప్పు వెతకాలంటే పురావస్తు శాఖ రావాలి! అయినా నా ఛాతీ రెండంగుళాలు పొంగింది. నా ఫ్యాన్ అంతర్జాతీయ రాజకీయాల్లో ఇరుక్కుంది!

టైలర్ మా ఆవిడ ప్రమీలారాణి జాకెట్లు ఇవ్వలేదు. కారణం చిప్పులట. ఆయనది కాలితో తొక్కే మిషను. నేను మాత్రం తక్కువ తిన్నానా? ఈ వ్యాసం నాలుగు రోజులు ఆలస్యంగా పంపుతూ ఎడిటర్‌గారికి అదే కారణం చెప్పాను. నేను రాసేది బాల్‌పెన్నుతో.

ఇక అసలు మేలు దగ్గరికొస్తాను. అది నా సొంత మేలు.

వత్సవాయిలో నాకు రెండెకరాల మిరప ఉంది. కలుపు తీయడం నుంచి కాయ కోయడం దాకా చూసుకునే మనిషి పుల్లమ్మ. నేను చూసుకునేది టెక్నాలజీ! బోరు మోటార్‌కి మొబైల్ స్టార్టర్ పెట్టించాను. షెడ్డులో ఓ డబ్బా, అందులో ఓ చిప్పు, ఓ సిమ్. జగ్గయ్యపేటలో కూర్చుని ఆ నంబరుకి ఒక్క రింగిచ్చి పెట్టేస్తే చాలు, అక్కడ మోటార్ ఆన్. ఆన్ కాగానే అదే మనకి తిరిగి రింగిస్తుంది. దాన్ని ఎత్తకూడదు, కట్ చేయాలి. ఆపాలంటే ఇంకో రింగు. నంబరుని 'మోటార్' అని సేవ్ చేసుకున్నాను.

రోజూ ఉదయం బస్టాండు టీకొట్టు దగ్గర ఇదే నా ప్రదర్శన. రింగిస్తాను. పెట్టేస్తాను. పావుగంటకి 'మోటార్' నుంచి రింగొస్తుంది. అందరికీ స్క్రీన్ చూపిస్తాను.

"చూశారా? రిప్లై ఇచ్చింది!"

వత్సవాయిలో ఎరువుల కొట్టు నడిపే భవానీప్రసాద్ కూడా అక్కడే టీ తాగి కొట్టుకి బయల్దేరతాడు. "మొదట్లో క్షణంలో ఇచ్చేది కదండీ మాస్టారూ? ఇప్పుడు పావుగంట పడుతోందేంటి?" అని ఓసారి అడిగాడు.

"నెట్‌వర్క్ లోడ్" అన్నాను. అజ్ఞానిని చూసి జాలిపడ్డాను.

అలా పదకొండు నెలలు కాలికి మట్టి అంటకుండా వ్యవసాయం చేశాను. జనవరి ఆఖర్న ఓ ఉదయం 'మోటార్'కి రింగిస్తే 'స్విచాఫ్' అని వచ్చింది. మర్నాడూ అంతే. మూడో రోజు భవానీప్రసాద్ కొట్టు నుంచి ఫోన్ చేశాడు.

"మాస్టారూ, మీ చేనుకి నీళ్లు పెట్టి ఎన్నాళ్లయిందండీ? మిరప తలకాయలేలాడేసింది. పూతంతా కింద రాలతంది. రేపటికి నీళ్లు పడకపోతే కాయ మీద ఆశ ఒదులుకోవాల్సిందే!"

భయపడ్డాననుకుంటున్నారా? ముందు గర్వపడ్డాను. యుద్ధం వత్సవాయి చేరింది! చిప్పు కాలింది, కొత్తది రాదు, నా మిరపతోట అగ్రరాజ్యాల పోరులో నేలకొరుగుతోంది! టీకొట్టులో ఈ మాట ప్రకటించి, ఆ తర్వాత భయపడి, బస్సెక్కాను.

పదకొండు నెలల తర్వాత నా పొలం నేను చూశాను. షెడ్డు కనపడలేదు. మొల లోతు గడ్డి మధ్య దాని రేకు మాత్రం కనిపించింది. గడ్డి తప్పించుకుంటూ గుమ్మం దాకా వెళ్లి లోపలికి తొంగిచూశాను. స్టార్టర్ కింద మూరెడు కుబుసం. దాని పక్కనే, ఆ కుబుసం విడిచినాయన.

ముప్పై నాలుగేళ్ల సర్వీసులో హెడ్మాస్టరుకి భయపడి కూడా నేను అంత వేగంగా పరిగెత్తలేదు.

గట్టు మీద నుంచి నందిగామలో మోటార్లు బాగుచేసే సిలార్‌కి ఫోన్ చేశాను. సిలార్ నా స్టూడెంటే. సోషల్‌లో ఇరవై రెండు మార్కులేసి తప్పించాను. గంటలో బండి మీద వచ్చాడు. గుమ్మం పక్కన చేరేసి ఉన్న కర్ర తీసుకుని నేల మీద నాలుగు దెబ్బలు కొట్టాడు. పాము వెళ్లిపోయింది. కర్ర పట్టుకునే చోట నున్నగా అరిగి ఉండటం అప్పుడు చూశాను. ఎవరిదా అని ఆలోచించలేదు.

డబ్బా విప్పి బయటికి తెచ్చి నా ముందు పెట్టాడు. లోపల చీమల పుట్ట.

"మాస్టారూ, ఇది ఇవాళ పోయింది కాదండి. బోర్డు కాలి ఏడాదవుతా ఉంటది."

"ఏడాదా! మొన్నటిదాకా పనిచేసింది! రోజూ రిప్లై ఇచ్చింది!"

"చీమలిచ్చినయ్యా ఏంటండీ?" సిలార్ నవ్వాపుకున్నాడు. "అసలిందులో సిమ్మే లేదు."

డబ్బా చచ్చిపోయింది. సిమ్ మాయమైంది. మరి పదకొండు నెలలుగా నా మోటార్ వేస్తున్నదెవరు? నాకు రోజూ రింగిస్తున్నదెవరు?

'మోటార్'కి డయల్ చేశాను. ఈసారి రింగయింది! కానీ శబ్దం డబ్బాలోంచి రాలేదు. నా వెనకాల, గట్టు మీద నుంచి వచ్చింది.

తిరిగి చూస్తే పుల్లమ్మ. చంకలో బైబిలు సంచీ. ఆ సంచీలో మోగుతోంది నా మోటార్.

"ఏందయ్యా, ఎదురుగుండా నిలబడి కూడా రింగియ్యాలా?" అంది. "నందిగామలో మూడు రోజులు ప్రార్థన మీటింగులయ్యా. ఫోన్లు ఆపెయ్యమన్నారు. ఒక్క రోజన్నా వచ్చి ఏసుకోలేరా మీరు? చేనేడుస్తా ఉంది!"

అంటూనే ఆ కర్ర అందుకుని, నేల తట్టుకుంటూ షెడ్డులోకి నడిచి, గోడకున్న పాత స్టార్టర్ పచ్చ బటన్ నొక్కింది. నీళ్లు కాలవలోకి దూకాయి.

"ఆ సిమ్ నీ దగ్గరికెలా వచ్చింది?" అన్నాను.

"కిందటేడు పిడుగు పడ్డనాడు ఆ పెట్టెలోంచి పొగొచ్చింది. మీకు చెబుదామంటే నాకాడ మీ నంబరెక్కడుంది? ఆ బిళ్ల తీసి నా ఫోన్లో ఏసుకుంటే మీరే చేస్తారు గదా అని ఏసుకున్నా. ఎత్తి 'అయ్యా' అనేలోపు పెట్టేసేవోరు. మోటరేసొచ్చి నేను చేస్తే కట్ చేసేవోరు. మీ కూలి డబ్బులు తెచ్చిచ్చే భవానీప్రసాద్ గారికీ చెప్పా. ఆయన మీ చెవినేసుంటాడు, అందుకే రోజూ రింగిస్తన్నారని అనుకున్నా."

భవానీప్రసాద్‌కి ఫోన్ చేసి నిలదీశాను.

"ఆ రోజే చెప్పబోయానండీ. మీరప్పుడు తైవాన్ జలసంధి దగ్గరున్నారు. 'ఆగవయ్యా, ముఖ్యమైన విషయం నడుస్తోంది' అన్నారు. ఆగాను. తర్వాత మర్చిపోయా."

పాఠకులారా, గమనించారా? తైవాన్‌లో చిప్పు ఎక్కడ పుట్టి ఏ ఓడెక్కుతుందో నేను పటం మీద వేలు పెట్టి చూపించగలను. నా షెడ్డులో బటన్ నొక్కే మనిషికి మాత్రం నా నంబరు లేదు. నెట్‌వర్క్ లోడ్ అంటే ఏమిటో కూడా ఆ రోజే తెలిసింది. పుల్లమ్మ ఇంటి నుంచి షెడ్డు దాకా పావుగంట నడక.

"కొత్త బోర్డు ఎప్పుడొస్తుందిరా?" అని సిలార్‌ని అడిగాను.

"రెండు నెలలు పట్టుద్దండీ. చిప్పులు రావట్లా. మీకు నేను చెప్పాలా మాస్టారూ? పై దేశాల గొడవలు!"

ఇరవై రెండు మార్కులవాడు నాకు సప్లై చైన్ పాఠం చెప్పాడు.

అంటే రెండు నెలలు నాకు ఏకైక సరఫరాదారు పుల్లమ్మే. అగ్రరాజ్యాలు ఆంక్షలు విధించడం చూశాను గాని, గట్టు మీద కూర్చుని చీర కుచ్చెళ్లకంటిన గడ్డి గింజలు దులుపుకుంటూ విధించడం అప్పుడే చూశాను.

"ఇకనించి రింగిచ్చి పెట్టేస్తే ఎయ్యను. నేనెత్తేదాకా ఆగి, పుల్లమ్మా అని పిలిచి చెప్పండి. ఆదివారం గుడిలో ప్రార్థన అయినాకే. ఆ గడ్డి కోయించి, లోపల బల్బు పెట్టించండి."

మూడింటికీ ఒప్పుకున్నాను. ఒప్పుకోక నేనేమన్నా అగ్రరాజ్యమా? ఫోన్‌లో 'మోటార్' తీసేసి 'పుల్లమ్మ' అని మార్చాను. రోజూ మాట్లాడాను. తోటలో ఏ మూల నీరెక్కదో, ముడత తెగులు ఎక్కడ మొదలైందో అన్నీ తెలిశాయి. ఆమె కూతురు మహిమ టీచర్ ట్రైనింగ్‌లో చేరిందనీ, సోషల్ అంటే ఆ పిల్లకి ప్రాణమనీ తెలిసింది. ఏ చిప్పూ నాకింత సమాచారం పంపలేదు!

అందుకే ఈ యుద్ధం పదేళ్లు సాగాలంటున్నాను. చిప్పు వారంలో వచ్చుంటే నేను మళ్లీ రింగిచ్చి పెట్టేసేవాణ్ణి.

కానీ నా ఖర్మ చూడండి. నిన్న సిలార్ ఫోన్ చేశాడు. బోర్డు వచ్చేసిందట.

ఈ మాట పుల్లమ్మకి ఎలా చెప్పాలి? ఓ మనిషిని తీసేసి డబ్బా పెడుతున్నానని ఏ నోటితో చెప్పాలి? గొంతు సవరించుకుని, రెండుసార్లు దగ్గి, మెల్లగా అన్నాను.

"మళ్లీ ఆ పెట్టె బిగిస్తే నీకేమన్నా బాధగా ఉంటుందా పుల్లమ్మా?"

"నాకెందుకయ్యా బాధ?" అంది. "శుభ్రంగా బిగించుకోండి. దానికైతే పాము కరవదు."