గంబారే అనకూడదు

నెగోరో కత్సుమి పేరులో గెలుపు అనే అర్థమిచ్చే అక్షరం ఉంది. ఆ గెలుపు పేరులోంచి దిగి ఇంట్లోకి ఏనాడూ అడుగు పెట్టలేదని ఆయన భార్య మిజుహో అంటుంది. తకాఓకాలో కిటికీలు తయారుచేసే కంపెనీలో ఆయన అమ్మకాలు చూస్తాడు. బయటి చప్పుడు లోపలికి రానివ్వని రెండు పొరల అద్దాల గురించి ఊపిరి తిప్పుకోకుండా గంటసేపు మాట్లాడగలడు. ఇంట్లోవాళ్ళు చెప్పే మాట మాత్రం ఆయన బుర్రకెక్కదు. ఆ అద్దాలే చెవులకూ బిగించుకున్నాడేమో తెలీదు.

వీళ్ళకి పదేళ్ళ కూతురు. పువ్వు, నాదం అని రెండక్షరాలు కలిపి కనోన్ అని తండ్రే ఏరికోరి పేరు పెట్టాడు. ఆ పిల్ల అక్టోబరు నుంచి బడికి వెళ్ళడం మానేసింది. పొద్దున్నే పుస్తకాల సంచీ సర్దుకుంటుంది, గుమ్మం దాకా వస్తుంది, బూట్లలో ఒక కాలు పెట్టి కడుపునొప్పి అంటుంది. ఎందుకమ్మా అని ఎంత అడిగినా ఉలకదు, పలకదు.

బడిలో ఇలాంటి పిల్లల సంగతి చూసే సలహాదారు ఒకావిడ ఉంది. ఆవిడ మొగుడూ పెళ్ళాలిద్దర్నీ పిలిచి కూర్చోబెట్టి ఒకే ఒక్క షరతు పెట్టింది. పిల్లతో ఏమైనా మాట్లాడండి గానీ, ‘గంబారే’ అని మాత్రం అనొద్దంది.

కత్సుమి నోరు పడిపోయినంత పనయింది. పట్టుదలగా చెయ్యి, వదిలిపెట్టకు, నీవల్ల అవుతుంది, ఇవన్నీ ఆ ఒక్క మాటలోనే ఉన్నాయి. పరీక్షకి వెళ్ళేవాడికీ అదే, పరుగుపందెంలో బోర్లాపడ్డవాడికీ అదే, పురిటిగదిలోకి వెళ్ళే ఆడమనిషికీ అదే. పెళ్ళినాడు మామగారు మిజుహో వైపు ఒకసారి చూసి, అల్లుడి భుజం తట్టి చెప్పిందీ అదే. ఆ మాట లేకుండా కూతురితో ఏం మాట్లాడాలో తెలియక పాపం ఆయన కొన్నాళ్ళు నూడుల్స్ గురించి మాట్లాడాడు.

ఓ సాయంత్రం తొట్టిలో వేణ్ణీళ్ళలో మెడదాకా మునిగి ఉండగా ఉపాయం తట్టింది. తట్టిందే తడవుగా తువ్వాలు చుట్టుకుని వంటింట్లోకి వచ్చేశాడు.

"నన్ను అనొద్దన్నారు. పాటని అనొద్దన్లేదుగా?"

మిజుహో ముల్లంగి తురుముతోంది. తల కూడా ఎత్తలేదు. "ముందు బట్టలేసుకోండి. పాట తర్వాత."

ఈ దేశంలో పిల్లల్ని లేపి నిలబెట్టే పాటలకి కరువేం లేదు. వాన వెలిశాక ఎండ వస్తుందట, పడ్డవాడే లేస్తాడట, రేపంతా నీదేనట. పాడేది ఇరవయ్యేళ్ళ కుర్రాళ్ళు, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ గెంతుతూ పాడతారు. వాళ్ళకెప్పుడూ కడుపునొప్పి వచ్చినట్టు లేదు. కత్సుమి వాటిల్లోంచి ఒకదాన్ని ఏరాడు. నీ గొంతు కోసం లోకం ఎదురుచూస్తోంది, దాచుకోకు, ఎలుగెత్తి పాడు అని సాగే పాట. అది ఏరడానికో లెక్క ఉంది. నవంబరులో ఒక శనివారం జరిగే బృందగానం పోటీలో కనోన్ క్లాసు పాడబోయేది ఆ పాటే. ఇంట్లో పాట వచ్చేస్తే పిల్ల పోటీనాడు బడికి వెళ్తుంది. శనివారం వెళ్ళిన పిల్ల సోమవారం వెళ్ళదా? ఇంతటి లెక్క కంపెనీలో వేసి ఉంటే ఈపాటికి మేనేజరయ్యేవాడు.

మర్నాటి నుంచి మొదలైంది జాతర. అన్నం కుక్కరు ఆవిరి వదిలే వేళకి పాట, స్నానం వేళకి పాట, కారులో పాట. పాట ఒక్కటే అయితే ఎలాగో భరించవచ్చు. కత్సుమి గొంతు కలుపుతాడు. ఆఫీసు విందుల్లో ఆయన మైకు అందుకుంటే చాలు, తోటివాళ్ళందరికీ అర్జంటు ఫోన్లు గుర్తొస్తాయి. రాగం ఆయన్ని దూరం నుంచి చూసి పక్క సందులోకి తప్పుకుంటుంది.

"ఇలాగే సాగితే నేనూ మానేస్తాను," అంది మిజుహో.

"నువ్వు మానడానికేముంది? నీకు బడి లేదుగా?"

"ఇల్లుంది."

ఇలా వారం గడిచాక ఒక పొద్దున్న, సూపు గిన్నె అంచు మీదుగా చూస్తే కనోన్ పెదవులు కదులుతున్నాయి. పాటకి సరిగ్గా తగ్గట్టు, ఒక్క మాట పోకుండా కదులుతున్నాయి. కత్సుమికి కళ్ళనీళ్ళ పర్యంతమైంది. ఆ సంబరంలో పాట సౌండు ఇంకా పెంచాడు. నాకేం వినపడటం లేదండీ అని మిజుహో అంటే, మీ పుట్టింటి చెవులు అలాంటివే అని కొట్టిపారేశాడు.

"ఎంత బాగా పాడుతున్నావు తల్లీ. ఎక్కడా శ్రుతి తప్పలేదు," అన్నాడు కూతురితో.

కనోన్ తండ్రి మొహంలోకి కాసేపు చూసి, ఊఁ అంది. అప్పట్నుంచి రోజూ పెదవులు కదుపుతూనే ఉంది, ఆయన రోజూ మెచ్చుకుంటూనే ఉన్నాడు. ఆఫీసులో కనబడ్డ ప్రతివాడికీ చెప్పాడు. అత్తగారికి ఫోన్ చేసి చెప్పాడు. సలహాదారు చేయలేనిది నేను చేశానని ఆ సలహాదారుకే మర్యాదగా తెలియజేశాడు.

పోటీకి ముందు ఆదివారం చివరి సాధన అంటూ ఇద్దర్నీ హైవే పక్కన, గంటల లెక్కన గది తీసుకుని మైకులో పాడుకునే కరావోకె దుకాణానికి లాక్కెళ్ళాడు. మార్కులేసే మీట నొక్కొద్దని మిజుహో అంటూనే ఉంది, ఆయన నొక్కేశాడు. ముందు తనే పాడాడు. యంత్రం నూటికి నలభైయొక్క మార్కులిచ్చి, ‘మీదైన పద్ధతిలో పాడారు’ అని తెర మీద రాసింది.

"యంత్రమైనా మర్యాద తెలిసింది," అంది మిజుహో.

తర్వాత కనోన్ లేచింది. కాళ్ళు దగ్గరగా పెట్టి, మైకు రెండు చేతులా పట్టుకుని, నోరంతా తెరిచి, చిరునవ్వు చెదరకుండా, పక్కలకి చక్కగా ఊగుతూ పాట చివరిదాకా నిలబడింది. కత్సుమి ముక్కు ఎగబీలుస్తూ ఫోన్లో అంతా తీశాడు. సంగీతం ఆగింది. యంత్రం కాసేపు ఆలోచించింది. తెర మీద ఒక బొమ్మ వంగి దణ్ణం పెట్టి, ‘గొంతు వినిపించలేదు, మైకు నోటికి దగ్గరగా పెట్టుకోండి’ అంది.

కత్సుమి గోడకున్న ఫోన్ అందుకున్నాడు. కౌంటరు దగ్గరుండే పెద్దావిడ పరుగున ఇంకో మైకు తెచ్చింది. కనోన్ మళ్ళీ మొదట్నుంచీ నిలబడింది. బొమ్మ మళ్ళీ దణ్ణం పెట్టింది. ఇంత చెత్త సామాను పెట్టుకుని వ్యాపారమెలా చేస్తారని, మా కంపెనీలో అయితే ఇలాంటిది గేటు దాటనివ్వరని ఆయన లంకించుకున్నాడు. మేనేజరు కూడా వచ్చాడు. ఇద్దరూ పోటీపడి నడుములు వంచి క్షమాపణలు చెప్పారు. పెద్దావిడ అదే మైకులో ఆ, ఆ అంది. గదంతా మోగిపోయింది. అయినా కత్సుమి తగ్గలేదు, మూడోది తెమ్మన్నాడు.

"నాన్నా, వాళ్ళనేం అనకు," అంది కనోన్. "మైకు బాగానే ఉంది. నేను పాడలేదు."

దుకాణంవాళ్ళిద్దరూ దానికీ ఒక క్షమాపణ చెప్పుకుని, తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళిపోయారు.

అప్పుడు కనోన్ చెప్పింది. పాట మొదలుపెట్టిన రోజు టీచరు వరస వెంట నడుస్తూ ఒక్కొక్కళ్ళ నోటి దగ్గరా చెవి పెట్టి విన్నదట. కనోన్ దగ్గర ఆగిందట. క్లాసయ్యాక పిలిచి, నవ్వుతూనే, అందరి కోసం నువ్వు నోరు మాత్రం కదుపు అందట. కదపడం బాగా వచ్చాక ముందు వరసలో నిలబెట్టిందట. అందరికన్నా నువ్వే ఉత్సాహంగా కనిపిస్తున్నావు, గంబారే అని కూడా అందట.

మిజుహో కూతురి చెయ్యి పట్టుకుంది. "మరి ఇంట్లో ఎందుకు కదిపావమ్మా?"

"నాన్న సంతోషపడ్డాడు."

కత్సుమికి ఒళ్ళు మండిపోయింది. రేపు పొద్దున్నే బడికి వెళ్తానన్నాడు, ఆ టీచరు సంగతి తేలుస్తానన్నాడు. కనోన్ నెమ్మదిగా, వెళ్ళి ఏమంటావు నాన్నా అని అడిగింది. తను పాడితే క్లాసు ఓడిపోతుందట, అది నిజమేనట. ఆ గొంతు ఎవరి పోలికో ఆ గదిలో ఎవరూ నోరు తెరిచి అడగలేదు. మిజుహో కూడా అడగలేదు. అడిగి ఉంటే ఆయనకి కాస్త తేలిగ్గా ఉండేది.

ఆయన నేల మీద కూలబడి కూతురి మోకాళ్ళ దగ్గరికి జరిగాడు. "ఇప్పుడు పాడు తల్లీ. ఇక్కడ మేమే కదా ఉన్నాం. ఎలా వస్తే అలా పాడు."

కనోన్ మైకుని బల్ల మీది మైకుల బుట్టలో పెట్టేసింది. "వద్దు. నువ్వు బాగుందంటావు."

"బాగుంటేనే అంటాను. నిజంగా."

"పాడకపోయినా అన్నావుగా నాన్నా."

పక్క గదిలో ఎవరో పిల్లలు గొంతులు చించుకుంటున్నారు. ఇక్కడి గోడలకి ఆయన కంపెనీ అద్దాలు లేవు.

"శనివారం వెళ్ళకు," అన్నాడు చివరికి.

"వెళ్ళమన్నా వెళ్ళను," అంది కనోన్.

అంతలో గోడ ఫోన్ మోగింది. టైమయిపోతోంది, పొడిగించమంటారా అని పెద్దావిడ భయపడుతూ అడిగింది. ఈ పిల్లని కారెక్కించి, పక్కన కూర్చుని, ఇంటిదాకా ఏం మాట్లాడాలో కత్సుమికి తెలియలేదు. ఇంకో అరగంట ఇమ్మన్నాడు. ఆ అరగంటా ముగ్గురూ తెర వైపు చూస్తూ కూర్చున్నారు గానీ ఎవరూ పాడలేదు.