మళ్ళీ మాస్టారు

అర్థం కాకపోవడం అనే సమస్యను శాశ్వతంగా రద్దు చేసిన తొలి విద్యాసంస్థగా ఆ కళాశాల చరిత్రలో నిలిచిపోతుంది. రద్దు ఉత్తర్వు విద్యా సంవత్సరం మొదటి సోమవారం నుంచే అమల్లోకి వచ్చింది. (ఉత్తర్వు చదివి ఏమీ అర్థం కాలేదన్న ప్యూనును క్షమించి వదిలేశారు. అతను విద్యార్థి కాదు కనుక.)

అధ్యాపకుడు మాట్లాడే తీరును బట్టే విద్యార్థికి చదువు ఒంటబడుతుందని ఎవరో పరిశోధన చేసి తేల్చారట. నవ్వుతూ, పేరు పెట్టి పిలుస్తూ, బెంచీల మధ్య తిరుగుతూ పాఠం చెబితే పిల్లలకు మాస్టారి మీద మంచి అభిప్రాయం కలుగుతుందని అందులో మొదటి సగంలో ఉంది. రెండో సగంలో ఏముందో తెలియదు. కళాశాల కమిటీ మొదటి సగాన్నే తెగ మెచ్చుకుని, అక్కడితో చదవడం ఆపి, బోధనా సంభాషణ విభాగాన్ని ప్రారంభించింది.

దానికి అధిపతిగా వచ్చిన సంభాషణాధికారి సామాన్యుడు కాడు. లిఫ్టుల కంపెనీలో, మధ్యలో ఇరుక్కుపోయినవాళ్లతో ఫోనులో మృదువుగా మాట్లాడే ఉద్యోగం ఏళ్ల తరబడి చేసినవాడు. (లిఫ్టు బాగుచేసే మనిషి వేరే.) ఆయన రాగానే ప్రతి క్లాసులో బోర్డు పైన ఒక మైకు, ప్రతి విద్యార్థి ఫోనులో ఒక యాప్ వెలిశాయి. మైకు మాస్టారి మాటలు లెక్కపెడుతుంది. యాప్ క్లాసు అయిపోగానే నవ్వే ముఖం, ఇంకా నవ్వే ముఖం, పగలబడి నవ్వే ముఖం చూపించి ఏదో ఒకటి నొక్కమంటుంది. ఇంకా ఉత్సాహం మిగిలినవాళ్లు కింద రెండు ముక్కలు రాయవచ్చు.

ఇదంతా వచ్చి వచ్చి స్టాటిస్టిక్స్ లెక్చరర్ నెత్తిన పడింది. పిల్లలు ఆయన్ను ‘మళ్ళీ మాస్టారు’ అంటారు. పాఠం చెప్పడం, క్లాసంతా ఒకసారి కలయజూడడం, "సరే, మళ్ళీ చెప్తా వినండి" అంటూ బోర్డు తుడవడం ఆయన అలవాటు. రెండోసారి వేరే ఉదాహరణ, అప్పటికీ ఎవరైనా తెల్లముఖం వేస్తే ఇంకో దారి. గొంతు బొంగురుపోయేది గానీ విసుగు వచ్చేది కాదు. కాంట్రాక్టు మీద నెట్టుకొస్తున్న ఆ మనిషిని పర్మనెంటు చేయాలా, ఇంటికి పంపాలా అన్నది ఈ ఏడు సంభాషణా స్కోరు తేలుస్తుంది.

చెప్పిందే మళ్ళీ చెప్పడమంటే, మొదటిసారి చెప్పడం చేతకాలేదని స్వయంగా ఒప్పుకోవడమేనని నిబంధన. మొదటి వారంలోనే మైకు మాస్టారి నేరాంగీకారాలతో నిండిపోయింది. అధికారి కబురుపెట్టాడు.

"మాస్టారూ, మీరు ఆ ‘మళ్ళీ’ అనే మాట మానెయ్యాలి."

"మరి అర్థం కాకపోతేనండీ?"

"ఎవరికి?"

"పిల్లలకండీ."

"అర్థం కాకపోవడం రద్దయింది కదండీ. సర్క్యులర్ చూళ్ళేదా?"

"చూశానండీ. అయినా ఎవరైనా లేచి అడిగితే?"

"‘చాలా మంచి ప్రశ్న’ అనండి."

"అన్నాక?"

"అన్నాక ఏముంది, నవ్వండి. ప్రశ్న బాగుందంటే చాలు, పిల్లలు జవాబు గురించి పెద్దగా పట్టించుకోరు. లిఫ్టులో ఉన్నవాళ్లూ అంతే."

ఇంటికెళ్లి ఈ గోడు వెళ్లబోసుకుంటే భార్య ఆశ్చర్యపోలేదు. "చెప్పిందే చెప్పకండీ అని నేను రోజూ చెప్తూనే ఉన్నా. ఒక్కసారైనా చెవిన పెట్టారా? ఈసారి ఆ పర్మనెంటేదో కాకపోతే మా అన్నయ్య ముందు నా తల తీసేసినట్టవుతుంది," అంది. మాస్టారు అద్దం ముందు నిలబడి నవ్వు ప్రాక్టీసు చేశారు.

క్లాసు మారిపోయింది. రెండో బెంచీలో ఒక అమ్మాయి ఉంది. ప్రతి పాఠానికీ చెయ్యెత్తుతుంది కనుక స్నేహితులు ఆమెకు ‘డౌటేశ్వరి’ అని పేరు పెట్టారు. ఆ రోజు ఆమె లేచి, "సార్, వరసగా ఐదుసార్లు బొమ్మ పడిందనుకోండి. ఆరోసారి బొరుసు పడే అవకాశమే ఎక్కువ కదా?" అని అడిగింది.

మాస్టారి చెయ్యి డస్టర్ మీదికి పోయింది. పోయిన చేతిని జేబులో పెట్టుకుని, "చాలా మంచి ప్రశ్న," అని నవ్వి, బెంచీల మధ్య ఒక చుట్టు తిరిగి వచ్చారు. క్లాసు చప్పట్లు కొట్టింది. ఆ సాయంత్రం యాప్‌లో ముఖాలన్నీ పగలబడి నవ్వాయి.

స్కోరు ఆకాశాన్నంటింది. ‘సార్ ఎంత బాగా చెప్తారో’ అని పిల్లలు మురిసిపోయారు. తర్వాత పరీక్షలు వచ్చాయి, క్లాసులో సగానికి పైగా తప్పారు. విభాగం దీన్ని లోతుగా పరిశీలించి, బోధన సంపూర్ణంగా విజయవంతమైందనీ, విద్యార్థులే దాని వెంట నడవలేకపోయారనీ తేల్చింది. (తప్పినవాళ్లు కూడా మాస్టారికి పూర్తి మార్కులే వేశారు. ఆయన వేయలేకపోయారు.)

ఫలితాలు వచ్చిన మర్నాడు డౌటేశ్వరి స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడింది. మాస్టారు తప్ప లోపల ఎవరూ లేరు.

"సార్, ఆరోజు మంచి ప్రశ్న అన్నారు. జవాబు చెప్పలేదు. పరీక్షలో అదే వచ్చింది, పోయింది."

మాస్టారికి సిగ్గేసింది. గోడలన్నీ ఒకసారి చూశారు. ఫ్యాను తప్ప మైకు లేదు. "కూర్చోమ్మా," అన్నారు.

కాగితం మీద లెక్క వేసి చెప్పారు, ఆమె తల అడ్డంగా ఊపింది. జేబులోంచి నాణెం తీసి ఎగరేస్తూ మళ్ళీ చెప్పారు, కళ్లు కాస్త విప్పారాయి గానీ తల నిలువుగా ఊగలేదు. అప్పుడు నాణెం ఆమె చేతిలో పెట్టి, "ఇందాక ఏం పడిందో దీనికి గుర్తుంటుందామ్మా?" అని అడిగారు.

ఆ పిల్ల నాణేన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఉండదు! ఉండదు కదా సార్! అయితే ఎప్పుడూ సగానికి సగమే!" అంటూ లేచి నిలబడింది. మాస్టారికి కడుపు నిండినట్టయింది. ఆ ఏడాదంతటికీ ఆయనకు ఉద్యోగం చేసినట్టు అనిపించింది ఆ ఒక్క మధ్యాహ్నమే.

పాపం ఆ అమ్మాయికి కృతజ్ఞత అనే గుణం ఉంది. ఇంటికి వెళ్లగానే యాప్ తెరిచి, పగలబడి నవ్వే ముఖం నొక్కి, కింద మనస్ఫూర్తిగా రాసింది: ‘అర్థమయ్యేదాకా ఓపికగా మూడుసార్లు చెప్పిన ఏకైక సార్.’

విచారణ గదిలో అధికారి ఆ వాక్యాన్ని మృదువుగా చదివాడు. "మూడుసార్లు! అంటే రెండు వైఫల్యాలు. అదీ మైకు లేని చోట, ఒంటరిగా!"

"ఆ పిల్లకి అర్థమైందండీ," అన్నారు మాస్టారు.

"అది ఆ పిల్ల తెలివి. వైఫల్యాలు మాత్రం మీవి. ఈ సంగతి మీకు ఆనాడే చెప్పాను. ఇప్పుడు మళ్ళీ..." అనబోయి నాలుక కరుచుకుని, అధికారి గోడ మీది మైకు వంక చూశాడు. (విచారణ గదుల మైకులకు ఆ నిబంధన వర్తించదని వెంటనే ఒక సవరణ తెచ్చారు.) మాస్టారి కాంట్రాక్టు అంతటితో ముగిసింది.

కొన్నాళ్లకు బస్టాపులో డౌటేశ్వరి ఎదురైంది. ఆయన ఎందుకు మానేశారో ఆమెకు ఎవరూ చెప్పలేదు. తెలిస్తే ఆ పిల్ల ఎంత బాధపడుతుందోనని మాస్టారూ ఆ ఊసు ఎత్తలేదు. ఇప్పుడు ట్యూషన్లు చెప్పుకుంటున్నానని చెప్పి, "కొత్త సార్ ఎలా చెప్తున్నారమ్మా?" అని అడిగారు.

"సూపర్‌గా చెప్తారు సార్. ఆయన స్కోరే కాలేజీలో ఫస్టు. క్లాసులో ఎవరికీ ఒక్క డౌటు కూడా రాదు."

"మరి నీకో?"

"నాక్కూడా రావడం మానేశాయి సార్," అంది ఆ అమ్మాయి నవ్వుతూ.