ఫైల్లో ఒకటి రాస్తే

ఆ రోజు కాష్కా-తోర్ రేడియో కేంద్రంలో మెడెర్ చేయాల్సిన పని ఒక్కటే. జిల్లా అధికారి జపార్ గారి తల్లి బురుల్ అపాకి ఎనభై ఏళ్ళు నిండుతున్నాయి. మిట్టమధ్యాహ్నం ఆవిడకు శుభాకాంక్షలు చదవాలి, వెనకాలే ఒక పాట వెయ్యాలి. నది ఒడ్డున గుడారాలు లేచాయి, గొర్రెలు తెగాయి, జిల్లా అంతా అక్కడే కూర్చుంది. అందరికీ వినబడాలని కేంద్రంలో ఉన్న ఒకే ఒక్క రేడియో పెట్టెను కూడా పొద్దున్నే విందు వాళ్ళు పట్టుకుపోయారు.

మెడెర్ కేంద్రంలో మరమ్మతుల మనిషి. మూడేళ్ళు మాస్కోలో టాక్సీ తోలి, ఇక చాలు దేవుడా అని వచ్చేసి, ఈ తాత్కాలిక ఉద్యోగంలో చేరాడు. భార్య ఐజాన్‌కు నెలలు నిండుతున్నాయి. ఈ ఉద్యోగం పోతే మళ్ళీ మాస్కోయే, పుట్టబోయే బిడ్డ ముఖం ఫోన్‌లో చూసుకోవాల్సిందే.

పోయే సూచనలు కూడా బాగానే ఉన్నాయి. పోయిన వారం ఎవరిదో చావు కబురు చదువుతుండగా కంప్యూటర్లో సౌండ్ కార్డు మొరాయించింది. పోయినాయన పేరు చెప్పారు గానీ, ఎప్పుడు పూడుస్తారో చెప్పేలోపు గొంతు ఆగిపోయింది. చుట్టాలు సగంమంది మర్నాడు దిగారు.

కేంద్రం పెద్ద తుర్సునై ఆ సంగతి మర్చిపోలేదు. "విను మెడెర్. ఇవాళ గాని రేడియో నోరు మూతపడిందా, సాయంత్రానికి నువ్వు మాస్కో బస్సులో ఉంటావు. నేనే టిక్కెట్ కొంటాను" అంది పొద్దున్నే.

"అలాగే ఎజే" అన్నాడు మెడెర్. అక్కలాంటి మనిషితో అంతకంటే ఏమంటాడు?

కంప్యూటర్లో సౌండ్ కార్డులు రెండు. మొదటిది ప్రసారానికి, అంటే అందులోకి పోయింది జిల్లా అంతా వింటుంది. రెండోది లోపలి మాటలకు. తుర్సునై గదిలో మైకు ఉంది. ఆవిడ తన కుర్చీలోంచి కదలకుండా తిట్టే తిట్లు ఆ రెండో కార్డు గుండా స్టూడియోలోని చిన్న స్పీకర్లో వినబడతాయి. ఆ మైకును ఆవిడ ఎప్పుడూ ఆపదు. ఎప్పుడు ఎవరిని తిట్టాల్సివస్తుందో ఎవరికి తెలుసు?

వేళ దగ్గరపడింది. ప్రసారకుడు ఎసెన్‌కుల్ గొంతు సవరించుకుని పరీక్షకి నాలుగు మాటలన్నాడు. సరిగ్గా అప్పుడే మొదటి కార్డు చచ్చినట్టు పడుకుంది.

"తమ్ముడూ, ఇది కదలట్లేదు. మొత్తం ఆర్పి మళ్ళీ వెలిగించు!"

"అంత టైం లేదు బైకే. అది లేచేసరికి విందులో చేతులు కడుక్కుంటారు" అన్నాడు మెడెర్ అన్నలాంటి ఎసెన్‌కుల్‌తో. కానీ ఈమధ్య అతను కెర్నెల్ గురించి ఒక సంగతి చదివాడు. కంప్యూటర్ లోలోపల కూర్చుని పెత్తనం చేసేది ఈ కెర్నెలే. దానికి స్లాట్లో గుచ్చిన ప్రతి కార్డూ ఒక ఫోల్డరే, ఆ కార్డుతో చేయదగ్గ ప్రతి పనీ ఒక ఫైలే. తీసేసే ఫైల్లో ఒకటి అని రాస్తే కార్డు పోతుంది, వెతికే ఫైల్లో ఒకటి అని రాస్తే తిరిగి వస్తుంది. స్క్రూడ్రైవర్ అక్కర్లేదు.

ఇదంతా తుర్సునై గదికి పరిగెత్తి మైకు ముందు నిలబడి చెబితే ఆవిడ ఎగాదిగా చూసింది. "ఫైల్లో ఒకటి రాస్తే కార్డు ఊడిపోతుందా? ముప్పై ఏళ్ళుగా ఫైళ్ళు రాస్తున్నాను, ఒక్క కుర్చీ కాలు కూడా బాగుపడలేదు!"

"ఇవి వేరే ఫైళ్ళు ఎజే. చూడ్డానికే ఫైళ్ళు. రాస్తే కెర్నెల్ వింటుంది."

"నేను చెబితే ఎవరూ వినరు, దానికి నువ్వు రాస్తే వింటుందా? సరే, ఏడువు."

స్టూడియోకొచ్చి ఒకటి రాశాడు. కార్డు పోయింది. స్లాట్లో స్క్రూ బిగించి ఉన్నది ఉన్నట్టే, కంప్యూటర్ మాత్రం అలాంటిదొకటి తన కడుపులో ఎన్నడూ లేనట్టు ముఖం పెట్టింది. రెండో ఫైల్లో ఒకటి రాశాడు. కార్డు ప్రత్యక్షమైంది! ఎసెన్‌కుల్ "హలో" అనగానే చిన్న స్పీకర్లోంచి ఖంగుమని వినబడింది. ఇద్దరూ కావిలించుకున్నారు.

ప్రసారం మాట ఆ చిన్న స్పీకర్లో ఎందుకు వినబడాలి అని ఇద్దరిలో ఒక్కడికీ తోచలేదు. పోయి తిరిగొచ్చిన కార్డు పంక్తిలో చివర కూర్చుంది. రెండోది మొదటిదైంది, మొదటిది రెండోదైంది. ఎసెన్‌కుల్ తేనె పోసినట్టు "మన కొండల సూర్యబింబం, మాతృమూర్తి బురుల్ అపా..." అని చదువుతుంటే అది స్టూడియో గోడల దాకా వెళ్ళి ఆగింది. జిల్లాకు వెళ్ళింది తుర్సునై గది.

ఆ గదిలో తుర్సునై శుభాకాంక్షల నకలు ముందేసుకుని టీ పోసుకుంటోంది. మెచ్చుకోలు కోసం మెడెర్ వచ్చి నిలబడ్డాడు.

"బానే చేశావులే, కూర్చో. సూర్యబింబమట! వంటింటి పైకప్పు కారి పాపం ఆ బురుల్ అపా బిందె పెట్టుకుని పడుకుంటోంది. నాతో బజార్లో చెప్పుకుంది. గడ్డకట్టే చలిలో ఒక్కరోజైనా వచ్చి చూశాడా ఆ కొడుకు? ఇప్పుడేమో ఊరందరి గొర్రెలూ కోయిస్తున్నాడు. ఆవిడకి మాంసం నమలడానికి పళ్ళేవీ?"

"పాపం" అన్నాడు మెడెర్ బూరెముక్క నములుతూ. "పోన్లెండి ఎజే, గండం గట్టెక్కింది. లేకపోతే నా బతుకు మాస్కో పాలే. ఐజాన్ కాన్పుకి కూడా ఉండేవాణ్ణి కాదు."

ఫోన్ మోగింది. బజార్లో రొట్టెలమ్మే షాయిర్.

"తుర్సునై, ఆ టీ ఆకు ఏ కొట్లో కొన్నావే?"

"నేను టీ తాగుతున్నానని నీకెవరు చెప్పారు?"

"చెప్పడమెందుకు? చెంచా చప్పుడు కూడా వినబడుతోంది. గుడారంలో అందరం ఊపిరి బిగబట్టి వింటున్నాం. జపార్ గారి ముఖం చూడాలి నువ్వు, బీట్‌రూట్ దుంపే!"

తుర్సునై చేతిలోంచి ఫోన్ జారింది. మెడెర్ మైకు వంక చూశాడు. దాని ఎర్రదీపం ముప్పై ఏళ్ళ అలవాటు ప్రకారం వెలుగుతూనే ఉంది.

"కొంప మునిగింది ఎజే! కార్డులు తారుమారయ్యాయి!" అని అతను కెవ్వుమన్నాడు. అదీ జిల్లా విన్నది. స్టూడియోలోకి పరిగెత్తాడు. కంగారులో ఒక కార్డు బదులు రెండూ తీసేశాడు. మళ్ళీ వెతకమని రాస్తే ఒక్కటే వచ్చింది, అది కూడా తుర్సునై గదిదే. ఆవిడ ఈలోపు చున్నీ నోట్లో కుక్కుకుని ఏడుస్తోంది. ఏడుపు కూడా చక్కగా ప్రసారమైంది. చివరికి మెడెర్ గోడలోంచి తీగ పెరికేసి నేలమీద కూలబడ్డాడు.

"అయిపోయింది. నా బిడ్డ నాన్నా అని ఫోన్‌ని పిలుస్తుంది" అన్నాడు. ఎసెన్‌కుల్ చేతిలో ఉన్న శుభాకాంక్షల కాగితంతో అతనికి విసరసాగాడు.

గుమ్మం ముందు కారు ఆగింది. జపార్ గారు దిగారు, వెనక డోరు తెరిచి తల్లిని దింపారు. తుర్సునై కళ్ళు తుడుచుకుంటూ స్టూడియోలోకి వచ్చి నిలబడింది.

బురుల్ అపా తిన్నగా ఆవిడ దగ్గరకెళ్ళి చెయ్యి పట్టుకుంది. "పొద్దుణ్ణించీ సూర్యుడంటారు, చంద్రుడంటారు. ఎనభై ఏళ్ళకి నా గురించి నిజం మాట్లాడింది నువ్వొక్కదానివే తల్లీ. కప్పు సంగతి వాడికి నేను నాలుగేళ్ళుగా చెబుతున్నాను. ఇవాళ విన్నాడు." తర్వాత చుట్టూ చూసింది. "మాస్కో మాస్కో అని ఏడ్చిన అబ్బాయేడీ?"

మెడెర్ నేలమీంచి చెయ్యెత్తాడు.

"జపార్, ఈ అబ్బాయి ఎక్కడికీ పోడు. వీడి ఉద్యోగం ఖాయం చెయ్యి. ఆ కంప్యూటర్ ఇందాక ఎలా ఉందో అలాగే ఉండాలి, రేపు కూడా నాకు తుర్సునై కబుర్లే కావాలి."

"అలాగే అమ్మా" అన్నారు జపార్ గారు. తల్లి మాటకు జిల్లాలో ఎదురులేదు. ఆవిడ వెనుదిరగగానే మెడెర్ చెవి దగ్గర వంగి, "ఉద్యోగం ఖాయం. కానీ ఆ ఒకటో రెండో ఏదో వెంటనే సరిగ్గా రాసి చావు" అని గొణిగి, వడివడిగా కారెక్కారు.

ఆ పూటంతా ఫోన్ ఆగలేదు. పోలీసు అధికారి తల్లి, పన్నుల అధికారి తల్లి, బడి పెద్దాయన తల్లి, వరసగా ఒకటే అడిగారు, తమ కొడుకుల వంతు ఎప్పుడని.