నూటికి నూరు

ఆ ఉదయం శ్రీహరిరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగాలి, ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, కాలేజీకి వెళ్ళి కామర్స్ శాఖాధిపతి కుర్చీ సంపాదించాలి. మొదటి మెట్టు మీదే కాలు జారింది.

"పాలు రాలేదండీ. ఈ వారమంతా ఇదే వరస," అంది హైమవతి వంటింట్లోంచి.

పాలాయన రామ్‌చందర్ వచ్చే వేళకు శ్రీహరిరావు ఎప్పుడూ నిద్రలోనే ఉంటాడు కనుక ఆ మనిషి ముఖం కూడా ఎరగడు. ఇన్ని బర్రెలున్న పాతబస్తీలో పాలకు కరువేమిటని విసుక్కుని, మంచినీళ్ళు తాగి బయలుదేరాడు.

పాత శాఖాధిపతి రిటైరయ్యాక ఆ కుర్చీ ఖాళీగా ఉంది. పోటీలో ఉన్నది ఇద్దరు. ఫణికుమార్ సుద్దముక్కను నమ్ముకుని, రోజూ పిల్లల్ని లేపి నిలబెట్టి ప్రశ్నలడిగే రకం. మనవాడు కాలంతో నడిచే మనిషి. కాలేజీ కొత్తగా తీసుకున్న ఆన్‌లైన్ వేదికలో తరుగుదల మీద, అంటే వస్తువు పాతబడేకొద్దీ విలువ తగ్గించి రాసే లెక్క మీద, వీడియోలు పెట్టాడు. వాటిలో బొమ్మలూ ఆయన గొంతూ తప్ప ముఖం కనిపించదు. విద్యార్థుల ఫోన్ నంబర్లు ఆఫీసులో అడ్మిషన్ల నాటివి ఉంటే వాటినే ఎక్కించాడు. పాఠం చూడనివాళ్ళకు "మీరింకా పాఠం చూడలేదు, రేపటితో గడువు ముగుస్తుంది" అని ఆ వేదిక తనంతట తానే మెసేజ్ పంపుతుంది. వారం తిరక్కుండానే గ్రాఫు మొత్తం పచ్చబడింది. నూటికి నూరు మంది చూశారు.

ఇక ఆయన్ను పట్టడం ఎవరి తరం? పాఠానికో పరీక్ష పెట్టాడు. ముందు రాసినవారికి నక్షత్రాలిచ్చాడు. నక్షత్రాల కోసం పోటీ మొదలైంది. క్లాసులో పిల్లలు ఆవులిస్తుంటే, పాపం చదివి చదివి అలిసిపోయారని జాలిపడ్డాడు. తరుగుదలంటే ఏమిటని ఒక్కరినైనా అడిగి ఉంటే ఈ కథ ఇక్కడే ఆగిపోయేది. అంత పచ్చటి గ్రాఫు ఉండగా అడగడం దేనికని ఆయన ధీమా.

తనిఖీ బృందం వస్తోందనీ, ఆన్‌లైన్ బోధన ఎవరిది బాగుంటే వాళ్ళదే కుర్చీ అనీ ప్రిన్సిపాల్ రవీందర్ చెప్పిన సాయంత్రమే శ్రీహరిరావు పత్తర్‌గట్టి వైపు వెళ్ళి, హోదాతో సహా పేరు చెక్కిన గుండ్రటి ఇత్తడి పలక చేయించుకొచ్చాడు.

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది," అంది హైమవతి. ఆయన వినిపించుకోకుండా పలకను మెత్తటి గుడ్డతో తుడిచాడు.

పాలు రాని ఆ ఉదయమే తనిఖీ. గ్రాఫు కళ్ళముందే కదిలితే బాగుంటుందని, తెల్లవారుజామునే తెరుచుకునేలా ఒక పెద్ద పరీక్ష ముందు రాత్రే పెట్టి ఉంచాడు. హాల్లో ఒక వైపు బృందం, మరోవైపు విద్యార్థులు. తెర మీద పచ్చ గీతలు లేస్తుంటే శ్రీహరిరావు ఛాతీ కూడా వాటితోపాటే లేచింది. టీ మాత్రం ఎంతకీ రాలేదు. పాలు రాలేదనీ, పాలాయన ఫోనెత్తడం లేదనీ క్యాంటీన్ నుంచి కబురొచ్చింది.

బృందం పెద్దాయన తెరను చూశాడు, పిల్లలను చూశాడు, మళ్ళీ తెరను చూశాడు. "మీ పిల్లలందరూ ఇక్కడే చేతులు కట్టుకుని కూర్చున్నారు. మరి అక్కడ పరీక్ష రాస్తున్నదెవరండీ?"

శ్రీహరిరావు నోరు తెరిచాడు. జవాబు మాత్రం గుమ్మంలోంచి వచ్చింది. పాల క్యాను చంకన పెట్టుకుని పాలాయన భార్య బాలమ్మ నిలబడి ఉంది.

"శ్రీహరిరావు సార్ ఎవరు? మా ఆయన పొద్దుగాల్నుంచి ఫోన్ పట్టుకొని కూసున్నడు. ఏందంటే పరీక్ష అంటడు. బర్రెలు ఒర్లుతుంటే నేనే పిండుకొచ్చిన. పాలు పిండనియ్యని సదువు ఏం సదువు సార్?"

ముందు వరసలో ఒక అమ్మాయి తల దించుకుంది. ఆమె బాలమ్మ కూతురు పూజిత. ప్రిన్సిపాల్ లేపి అడిగితే మెల్లగా చెప్పింది.

"అడ్మిషనప్పుడు అందరం ఇంటి పెద్దల నంబరే ఇచ్చినం సార్. పాఠం చూడలేదని బాపుకు మెసేజొచ్చింది. కాలేజోళ్ళు తననే చూడమన్నరని ఫికర్ వెట్టుకున్నడు. ఎట్ల తెరవాలె అంటే చూపించిన. గంతే."

ఒకరు నోరు విప్పాక మిగతావాళ్ళూ విప్పారు. అక్షయ్ వాళ్ళ నాన్న బేగంబజార్‌లో గిన్నెల బేరం మధ్యలో ఆపేసి పరీక్ష రాస్తున్నాడట. రచన వాళ్ళ బాబాయి గాజుల కొట్లో కూర్చుని, పక్క కొట్టాయన కంటే ఒక నక్షత్రం వెనకబడ్డానని అన్నం మానేశాడట. ఫణికుమార్ కిటికీ వైపు తిరిగి చాలాసేపు దగ్గాడు. శ్రీహరిరావుకు మాత్రం భూమి చీలితే అందులో దూకాలనిపించింది.

పెద్దాయన కళ్ళు తుడుచుకునేంతగా నవ్వాడు. పెద్దలు చదువుకోవడం మెచ్చదగినదేనన్నాడు. డిగ్రీ మాత్రం పిల్లలకే ఇవ్వాలి కదా అన్నాడు. ఈలోగా బాలమ్మ తెచ్చిన పాలతో టీ వచ్చింది.

ప్రిన్సిపాల్ శ్రీహరిరావును పక్కకు పిలిచాడు. "పిల్లల నంబర్లు పెట్టుండ్రి సార్. సోమవారం నాటికి గ్రాఫు గిట్లనే ఉంటే కుర్చీ మీదే."

"అలాగేనండీ, అదెంత పని," అన్నాడు శ్రీహరిరావు. ధీమా ఆయనకు పుట్టుకతో వచ్చింది.

సోమవారం గ్రాఫు తెరిస్తే ఎండిన చెరువులా ఉంది. ఒకే ఒక్క పచ్చ గీత మిగిలింది. అది పూజితది. ఆ ఒక్క పిల్లే తన పరువు నిలిపిందని ఆయన మురిసిపోయాడు. ప్రిన్సిపాల్ ఎదుటే ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, శభాష్ అమ్మా అన్నాడు.

"నేను రామ్‌చందర్ని సార్," అంది ఫోను. "బిడ్డ ఫోన్ నేనే తీస్కున్న, దానికి రీల్సే సరిపోతున్నయి. గని నాకో డౌటుంది. ముసలి బర్రె మల్లా ఈనిందనుకో, తరుగుదల ఎట్ల రాయాలె?"

కుర్చీ ఫణికుమార్‌కు దక్కింది. ఇత్తడి పలకను హైమవతి పాలగిన్నె మీద మూతగా వాడుకుంటోంది, సరిగ్గా సరిపోయిందట. బాలమ్మ హుకుం మీద రామ్‌చందర్ ఇప్పుడు పాలు పోశాకే ఫోన్ ముట్టుకుంటున్నాడు. తాను రోజూ పాలు పోసే ఇల్లు పాఠాల సారుదేనని అతనికి తెలిసిపోయింది కనుక శ్రీహరిరావు కూడా పెందలాడే లేస్తున్నాడు, లేవక తప్పదు.

పాలు ఇప్పుడు వేళకే వస్తున్నాయి, సందేహాలతో సహా.