గట్టయ్య జేబులో ఫ్యూజు

మన రాష్ట్రంలో ఇకమీదట ఎలక్ట్రీషియన్ అనే వాడితో ఎవరికీ పని పడదని స్వావలంబన శాఖామాత్యులు రాంచందర్ గారు ప్రకటించినప్పుడు, తార్నాకలో వారి ఇంటి ముందు నేనూ చప్పట్లు కొట్టాను. అదే వీధిలో అద్దెకుంటాను కాబట్టి, చప్పట్లకు నాకెప్పుడూ ముందువరుసే దొరుకుతుంది.

"మన అన్నం మనమే తింటున్నం, మన స్నానం మనమే చేస్తున్నం. మన ఇంట్ల వైరు బిగియ్యనీకి పరాయోడు ఎందుకు?" అన్నారు మంత్రిగారు. ఇంత సూటిగా అడిగితే ఎవరు మాత్రం ఏం జవాబు చెబుతారు?

పథకం పేరు 'స్వహస్త విద్యుత్తు'. అరగంట వీడియో చూసినవారికి సర్టిఫికెట్ ఇస్తారు. ప్రారంభోత్సవం మా యూనివర్సిటీ ఆడిటోరియంలో పెట్టారు. నేను, అనగా బుచ్చిబాబును, అక్కడి మెయింటెనెన్స్ సెక్షన్‌లో జూనియర్ అసిస్టెంటుని. వచ్చిన కాగితం తీసుకోవడం, తీసుకున్నది దాచడం నా ఉద్యోగం.

వేదిక మీద ఒక చెక్కబోర్డు నిలబెట్టారు. మంత్రిగారు స్వహస్తాలతో దానికి స్విచ్ బిగించి బల్బు వెలిగిస్తారు. ఏర్పాట్లన్నీ గట్టయ్యవి. లాలాగూడ మనిషి, ఇరవై ఆరేళ్లుగా క్యాంపస్‌లో కాంట్రాక్టు ఎలక్ట్రీషియన్. వచ్చే ఉగాదికి పర్మనెంట్ చేస్తామని మేము ఇరవై ఆరు ఉగాదులుగా చెబుతూనే ఉన్నాం. పాపం నమ్ముతూనే ఉన్నాడు.

గట్టయ్యకో అలవాటుంది. ఎవరైనా వైరు ముట్టుకోబోతున్నారంటే ముందు ఫ్యూజు పీకి చొక్కా జేబులో వేసుకుంటాడు. పని అయ్యేదాకా దేవుడు దిగొచ్చి అడిగినా ఇవ్వడు. "బోర్డు పక్కన పెడితే ఎవడన్న తెల్వక ఏస్తడు సార్. నా జేబుల ఉంటే ఎవ్వరికేం గాదు" అంటాడు. ఆ రోజు కూడా పీకి జేబులో వేసుకున్నాడు.

సరిగ్గా అప్పుడే స్పెషల్ ఆఫీసర్ శశిభూషణ్ గారు అతని చేతిలో ఒక కాగితం పెట్టారు. ఆ నిమిషం నుంచి అతని సేవలు అక్కర్లేదని అందులో ఉంది.

"గిదేంది సార్?" అన్నాడు గట్టయ్య.

"చూడు గట్టయ్యా. ఈ క్యాంపస్‌లో ఒక్క ఎలక్ట్రీషియన్ కూడా లేడని మంత్రిగారు కాసేపట్లో ప్రసంగిస్తారు. నువ్వుంటే అది అబద్ధమైపోతుంది. పెద్దమనిషి చేత అబద్ధం ఆడిస్తామా?"

మంత్రి నిజాయితీ గురించి ఇంత తాపత్రయపడే అధికారిని నా సర్వీసులో చూడలేదు. సెక్యూరిటీ వాళ్లు గట్టయ్యను మర్యాదగానే గేటు దాటించారు.

మంత్రిగారు పని మొదలుపెట్టారు. వైరు కొసను పళ్లతో ఒలిచారు. ఫొటో సరిగ్గా పడలేదని ఫొటోగ్రాఫర్లు అంటే మళ్లీ ఒలిచారు. ఎర్ర వైరునూ నల్ల వైరునూ ఒకే స్క్రూ కింద కలిపి బిగించారు. రంగుభేదం చూడని నాయకుడు. తర్వాత స్విచ్ వేశారు. బల్బు వెలగలేదు.

"బల్బు ఖరాబున్నది" అన్నారు మంత్రిగారు.

ఇంకొకటి పెట్టారు. మరొకటి పెట్టారు. "అన్నీ గత ప్రభుత్వం కొన్నవి సార్" అన్నారు శశిభూషణ్ గారు.

నేను ఆయన చెవి దగ్గరికి వెళ్లి, "ఫ్యూజు గట్టయ్య జేబులో ఉండిపోయిందండీ" అని విన్నవించుకున్నాను.

కాన్వాయ్‌లోంచి ఒక కారు సైరన్ వేసుకుంటూ పరుగెత్తింది. తార్నాక చౌరస్తాలో ఆటో ఎక్కబోతున్న గట్టయ్యను ఎక్కించుకొచ్చింది. అతను బోర్డును చూశాడు. మంత్రిగారి పళ్ల గాట్లు పడిన వైరును చూశాడు.

"సార్, ఫ్యూజు గిన నా జేబుల లేకుంటే, రేపు గిదే హాల్ల మీ సంతాప సభ అయితుండె."

మంత్రిగారు మైకు ఆపించారు. గట్టయ్య రెండు వైర్లూ విడదీసి, సరిగ్గా బిగించి, జేబులోంచి ఫ్యూజు తీసి పెట్టాడు. బల్బు వెలిగింది. హాలంతా చప్పట్లు. మంత్రిగారు రెండు చేతులూ జోడించి అందుకున్నారు.

"ఇప్పటిదాక లబ్ధిదారులు ఎంతమంది?" అని శశిభూషణ్ గారిని మెల్లగా అడిగారు.

"వీడియో చివరిదాకా ఎవరూ చూడలేదు సార్."

మంత్రిగారు గట్టయ్య భుజం మీద చెయ్యి వేశారు. "మొదటోడు దొరికిండు" అన్నారు.

చిన్న చిక్కొచ్చింది. పథకం పని రానివాళ్ల కోసం. గట్టయ్యకేమో వైర్‌మన్ లైసెన్సు ఉంది. శశిభూషణ్ గారి బుర్రకు అదెంత? లైసెన్సు సరెండర్ చేయిస్తే సరిపోతుందన్నారు.

"ఇస్తే నౌకరి ఉంటదా సార్?" అన్నాడు గట్టయ్య.

"ఎందుకుండది తమ్మీ" అన్నారు మంత్రిగారు.

ఫ్యూజు ఉండిన జేబులోంచే ప్లాస్టిక్ కవరు తీసి, అందులోని లైసెన్సు నాకిచ్చాడు గట్టయ్య. నేను దాన్ని నా డ్రాయరులో పెట్టి తాళం వేశాను. అతనికి ఒకటో నంబరు సర్టిఫికెట్ ఇచ్చారు.

మర్నాడు పేపర్లో ఫొటో పడింది. 'నిన్న వైరంటే వణికిన కూలీ, నేడు ఎలక్ట్రీషియన్' అని రాశారు. చదివి నా కళ్లు చెమర్చాయి. ఉద్యోగం సంగతి మాత్రం ఫైల్లో ఉంది.

మూడో రోజు అదే పేపర్లో మంత్రిగారి పేషీ ప్రకటన వచ్చింది: 'మంత్రిగారి తార్నాక నివాసమునకు ఎలక్ట్రీషియన్ కావలెను. లైసెన్సు, ఇరవై సంవత్సరముల అనుభవము తప్పనిసరి. స్వహస్త సర్టిఫికెట్ గలవారు దరఖాస్తు చేయనక్కరలేదు.'

పది గంటలకల్లా గట్టయ్య నా టేబుల్ ముందున్నాడు. ఆ పేపరునూ సర్టిఫికెట్‌నూ పక్కపక్కన పెట్టాడు.

"బుచ్చిబాబు సార్, గీ నౌకరి నాకే వస్తది. గీ సర్టిఫికెట్ మీరే ఉంచుకోన్రి. నా లైసెన్సు నాకియ్యున్రి, మీ కాళ్లు మొక్కుత."

నాకు నిజంగానే జాలేసింది. కానీ రూలు రూలే.

"సరెండరైన పత్రం పదేళ్లు దాచాలి గట్టయ్యా."

"ఏడున్నది సార్ అది?"

ఎక్కడుందో చెప్పకూడదని రూలేమీ లేదు. డ్రాయరు చూపించాను. గట్టయ్య తాళం వైపు చూశాడు, తర్వాత నా వైపు చూశాడు.

నేను చొక్కా జేబు తడుముకున్నాను. తాళంచెవి భద్రంగానే ఉంది. దేవుడు దిగొచ్చి అడిగినా ఇవ్వను.