విజేత గడప దాటిన కేసు

మానవ నాగరికతలో గడప రెండే పనుల కోసం ఏర్పడింది. ఒకటి, పసిపిల్లలు మొదటిసారి దాటడానికి. రెండు, అధికారులు పక్కనే కాగితం అంటించి ఎవరూ దాటకూడదని చెప్పడానికి. ఈ రెండు పనులూ ఎన్నడూ ఒకదానికొకటి అడ్డు రాలేదు. 2020 జులైలో మాత్రం సూరత్‌లో, భేస్తాన్‌లోని ఒక మూడో అంతస్తు గదికి ఆ రెండూ ఢీకొన్న గౌరవం దక్కింది.

ఆ గది రఘుపతిది. సిరిసిల్ల దగ్గరి పల్లె నుంచి వచ్చి, పన్నెండేళ్లుగా బమ్రోలిలో మరమగ్గాలు నడుపుతున్నాడు. కార్ఖానాలో ఒకరికి కరోనా తేలడంతో రఘుపతి, భార్య సంగీత, తల్లి నర్సవ్వ, ఆరేళ్ల పెద్దబిడ్డ రిషిత పద్నాలుగు రోజులు గడప దాటరాదని తలుపుకు కాగితం పడింది. తొమ్మిది నెలల చిన్నబిడ్డ విజేత పేరు అందులో లేదు. (ఆధార్ లేనివాళ్లను అంటుకునే ముందు వైరస్ కూడా ఒకసారి ఆలోచిస్తుందని శాఖవారి నమ్మకం.)

రఘుపతి ఆ కాగితానికి మనసులోనే దండం పెట్టుకున్నాడు. అతనివి పన్నెండు గంటల షిఫ్టులు. రిషిత బోర్లా పడ్డప్పుడు అతను మగ్గం దగ్గర ఉన్నాడు. గడప దాటినప్పుడూ మగ్గం దగ్గరే. పిల్ల గడప దాటితే గారెలు, అడుగులేస్తే అరిసెలు పంచడం వాళ్లింటి ఆనవాయితీ కాబట్టి, బిడ్డ ఎదుగుదల కబుర్లన్నీ అతనికి టిఫిన్ డబ్బాలో వచ్చేవి. మూత తీస్తే గారెలు, ఓహో, దాటింది. ఇంకోనాడు మూత తీస్తే అరిసెలు, ఓహో, నడిచింది. తండ్రిగా అతనికి అన్నీ అందాయి, కళ్లారా చూడటం ఒక్కటి తప్ప. అదిగో, ఇన్నేళ్లలో ఏ చట్టమూ చేయలేని పనిని కంటికి కనబడని పురుగు చేసి, అతన్ని పగటిపూట పిల్ల ముందు కూర్చోబెట్టింది.

ఈ కూర్చోబెట్టడాన్ని గృహబంధ పర్యవేక్షణ ఉపవిభాగం తరఫున ధనసుఖ్‌భాయి పర్యవేక్షించేవాడు. వరండా చివర ప్లాస్టిక్ కుర్చీ, మెడలో ఈల, ఒళ్లో రిజిస్టరు. ఉక్కపోతకు అన్ని తలుపులూ బార్లా తెరిచే ఉండేవి కాబట్టి ఆయనకు తెలియని సంసారం ఆ వరండాలో లేదు.

తొమ్మిదో రోజు ఉదయం పది ఇరవైకి విజేత పాక్కుంటూ వచ్చి గడప మీద రెండు చేతులూ వేసింది. కాసేపు ఆలోచించింది. (విచారణలో దీన్ని నలభై సెకన్లుగా నిర్ధారించారు.) ఆపైన పొట్టను గడప మీద ఈడ్చి, అవతల దబ్బున పడి, లేచి కూర్చుని, బోసినోటితో ఫక్కున నవ్వింది.

"దాటింది! నా బంగారు తల్లి గడప దాటింది!" అని నర్సవ్వ అరిచింది. నాలుగు మగ్గాలను ఒంటిచేత్తో అదుపులో పెట్టే రఘుపతి కళ్లనీళ్లు ఆపుకోలేకపోయాడు. అంత సంతోషం తన ఒంట్లో ఉందని అతనికే తెలియదు.

ఈల మోగింది.

పిల్లను లోపలికి తేవాలంటే ఇంట్లోవాళ్లు బయటికి రావాలి. అది రెండో ఉల్లంఘన. ధనసుఖ్‌భాయి ఎత్తి ఇవ్వాలంటే ముట్టుకోవాలి. అది శాఖాపరమైన నేరం. చివరికి సంగీత గిన్నె మీద గరిటెతో వాయిస్తే ఆ పిల్లే తిరిగి లోపలికి పాకింది. రిజిస్టరులో "నిష్క్రమణ ఒకటి, ప్రవేశం ఒకటి" అని పడింది.

"దాటడానికి కారణం?" అని అడిగాడు ధనసుఖ్‌భాయి. (మాటలు ఇరువైపులా సరిగా రాని హిందీలో సాగాయి. పాఠకుల సౌకర్యం కోసం తెలుగులో ఇస్తున్నాం.) "మందులు, పాలు, మరణం. మూడే గడులున్నాయి."

"పాల కింద రాయి బిడ్డా, ఇప్పుడే తాగింది" అంది నర్సవ్వ.

కాగితంలో పేరు లేకపోయినా సరే, ఇంట్లో ఒకరు దాటితే ఇంటిల్లిపాదికీ పద్నాలుగు రోజులూ మళ్లీ మొదటి నుంచి లెక్క అని ఆయన నియమం చదివాడు. "మల్ల పద్నాలుగు దినాలా? పిండి డబ్బ అడుగుకచ్చింది!" అని సంగీత నెత్తి కొట్టుకుంది. రఘుపతి మాత్రం గోడవైపు చూశాడు. విజేత అప్పటికే గోడ పట్టుకుని నిలబడుతోంది. ఇంకో పద్నాలుగు రోజులంటే అడుగు ఖాయం.

"రాయున్రి సాబ్. ఎవ్వలు కొట్టెయ్యకుంట జర గట్టిగ రాయున్రి" అన్నాడు.

ఇరవయ్యేళ్ల సర్వీసులో శిక్షను బతిమాలి వేయించుకున్న మనిషిని ధనసుఖ్‌భాయి చూడలేదు. కానీ ఆయనకు సంగతి అర్థమైంది. నవ్‌సారిలో ఆయన మనవడు మొన్ననే నడిచాడు. వీడియో కాల్లో పాదం ఎత్తడం కనిపించింది. దించేలోపు నెట్‌వర్క్ పోయింది. ఆయన రెండుసార్లు దిద్ది గట్టిగానే రాశాడు. సాయంత్రం నర్సవ్వ చీపురు కట్టెతో ఆరడుగుల దూరం జరిపిన పళ్లెంలోంచి నాలుగు గారెలు కూడా తిన్నాడు.

కొత్త లెక్కలో మూడో రోజు ఇంకో ఉత్తర్వు వచ్చింది. సగం మంది ఊళ్లకు పోయి మగ్గాలు ఆగిపోయాయని సేఠ్‌లు మొరపెట్టుకున్నారట. ఇకపై మరమగ్గాల కార్మికుడు ఉదయం ఏడుకు గడప దాటి, రాత్రి ఎనిమిదికి తిరిగి రావచ్చు. అతను దాటితే అది ఉల్లంఘన కాదు, ఉత్పత్తి. కుటుంబం మాత్రం యథాతథంగా లోపలే ఉండాలి. (మగ్గాల చప్పుడుకు వైరస్ పారిపోతుందని ఉత్తర్వులో ఎక్కడా లేదు. పారిపోదనీ లేదు.)

రఘుపతి ఒక కాలు వరండాలో పెట్టి నిలబడ్డాడు. "దాటిన సాబ్. నా మీద గూడ రాయున్రి."

"రాయలేను" అన్నాడు ధనసుఖ్‌భాయి తల దించుకుని. "నీకు ఉల్లంఘన గడి తీసేశారు."

ఎనిమిదో రోజు రాత్రి ఎనిమిదికి రఘుపతి మెట్లెక్కేసరికి వరండా అంతా బెల్లం పాకం వాసన. ధనసుఖ్‌భాయి కుర్చీలోంచి లేచి, చేతి నూనెను ప్యాంటుకు తుడుచుకున్నాడు. రఘుపతికి ఇక ఎవరూ ఏమీ చెప్పనక్కరలేదు. సంతోషమూ కడుపుమంటా ఒక్కసారే ముంచుకొచ్చాయి. లోపల విజేత అప్పటికే నిద్రపోయింది.

"నాలుగడుగులు" అన్నాడు ధనసుఖ్‌భాయి. "గోడ నుంచి బియ్యం డబ్బా దాకా. నా కళ్లతో చూశాను. నీ కోసమే రాసి పెట్టాను." రిజిస్టరు ఆరడుగుల దూరం నుంచే తిప్పి చూపించాడు.

సమయం: పదకొండు నలభై. సంఘటన: నడక. ఉల్లంఘన: లేదు, గడప లోపలే. కుటుంబ పెద్ద ఆ సమయంలో ఎక్కడున్నారు: నిబంధనల ప్రకారం, బయట.