చేతులు కడిగే చోట చిక్కిన పరుగు డాక్టరు

మధ్యాహ్నమార్తాండుడు ఆస్పత్రి అద్దాలపై కిరణశరపరంపరను కురిపిస్తున్న వేళ, ఫినాయిల్‌పరిమళభరితమైన సర్జరీ వార్డు నడవలోకి, చేత రికార్డరే ఏకైకాయుధంగా, పరిశోధకురాలు ప్రవేశించింది!

సర్జరీ నేర్చుకునే రెసిడెంట్ల శిక్షణ, వాళ్ళ బాగోగులు ఆమె పరిశోధన. అందరూ మాట్లాడారు. ఒక్కడు మిగిలాడు. "సాయంత్రానికి ఆ ఒక్కడి ఇంటర్వ్యూ రాకపోతే ఆ అధ్యాయం తీసేయమ్మా" అని గైడు ఆజ్ఞ.

ఆ ఒక్కడే అహోరాత్రజాగరణదీక్షాధురంధరుడు, వార్డంతా 'పరుగు డాక్టరు' అని పిలిచే మహావీరుడు.

మొదటి ముట్టడి నిన్న జరిగింది. కుర్చీ వేసి, "నిద్ర సరిపోతోందా బాబూ?" అని అడిగింది. అతను కూర్చున్నాడు. గురక పెట్టాడు.

రెండోది ఇవాళ పొద్దున, క్యాంటీన్‌లో. కాఫీ వచ్చింది. వీరుడు నోరు తెరిచాడు. అంతలో ప్రళయజలధరగంభీరఘోషతో ఫోను మోగింది. వీరుడు మాయం. కాఫీ ఆమే తాగింది.

ఇప్పుడు ఆపరేషన్ థియేటర్ తలుపు అద్దంలోంచి తొంగిచూసి, ఆమె ఉలిక్కిపడింది. అతను పంపు ముందు నిలబడి మోచేతుల దాకా చేతులు తోముకుంటున్నాడు. గట్టు మీద ఫోను మోగుతోంది. ఎత్తడే! కడిగిన చేత్తో ఎత్తకూడదు!

శత్రువు ఆయువుపట్టు దొరికింది.

"వెళ్ళండి కానీ, ఆయన్ని ముట్టుకోకండి" అంటూ సిస్టర్ టోపీ, మాస్కు అందించింది. "తగిలారో, మళ్ళీ మొదట్నుంచీ కడుక్కోవాలి. చీఫ్ సర్జన్ నన్ను ఉతికేస్తారు."

"ఓయీ శస్త్రపాణీ! పలాయనవిద్యాపారంగతా! నేడు నీకు దిక్కెవ్వరు?" అని సింహనాదం చేయదలచి, పరిశోధకురాలు మెల్లగా అంది: "బాబూ, దొరికావు."

"అయ్యో, అడగండక్కా."

తోముడు గోళ్ళ దగ్గరున్నప్పుడు నిద్ర ప్రశ్న.

"ఈ వారం హాయిగా పట్టింది మీ కుర్చీలోనే."

మణికట్టు దగ్గర తిండి ప్రశ్న.

"నా కాఫీ మీరే తాగేశారటగా!"

మోచేతి దగ్గర అసలు ప్రశ్న: "మీ చీఫ్ తిడతారా?"

వెనక ఎవరో దగ్గారు. సాక్షాత్తూ చీఫే! పక్క పంపు తిప్పి, "చెప్పరా, నేనూ వింటా" అన్నాడు.

వీరుడి ముఖం సబ్బు నురుగులా తెల్లబోయింది. పరిశోధకురాలు చీఫ్ వైపు తిరిగింది.

"ఇది రహస్య సంభాషణ సార్. కాస్త ఆ చివరి పంపు దగ్గర కడుక్కుంటారా?"

ఎందరి వెన్నో వణికించిన ఆ శస్త్రచికిత్సాసార్వభౌముడు నోరెళ్ళబెట్టాడు. ఆనక చేతులు పైకెత్తుకుని, బుద్ధిగా చివరి పంపు దగ్గరికి నడిచాడు.

"తిడతారు" అని గుసగుసలాడాడు వీరుడు. "కానీ ఇవాళ కత్తి నా చేతికిస్తున్నారు. తను పక్కన నిలబడతారట."

"ఆఖరుది. ఎలా ఉన్నావని ఎవరైనా అడుగుతారా?"

మోచేతి నుంచి నీళ్ళు బొట్లుబొట్లుగా కారాయి.

"అడిగినా, జవాబు వినేదాకా ఎవరూ ఆగరక్కా. మీరు ఆగారు." అతను నవ్వాడు. "ఇవాళ మాత్రం బాగున్నాను. రాసుకోండి."

రెండు చేతులూ పైకెత్తి, వీపుతో లోపలి తలుపు తోసుకుని, లొంగిపోయిన యోధుడిలా వెనక్కి వెనక్కి లోపలికి వెళ్ళిపోయాడు.

లోకులారా, ఆలకించండి! అధ్యాయం నిలిచింది! రికార్డరు ఆగింది! గట్టు మీద ఫోను మాత్రం ఓడిన సేనాపతిలా ఇంకా అరుస్తూనే ఉంది.